అమ్మకు మతిమరుపు అని తేల్చే ముందు: పెద్దవాళ్ల చెవుడు, కాక్లియర్ ఇంప్లాంట్, జ్ఞాపకశక్తి గురించి ఇంట్లోవాళ్లకు

మా అమ్మకి 71 ఏళ్లప్పుడు ఒక డాక్టర్ గారు "డిమెన్షియా మొదలైనట్టుంది" అని చీటీ మీద రాసిచ్చారు. ఆ పరీక్ష జరిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన మాస్క్ తీయకుండా, కంప్యూటర్ వైపు చూస్తూ ఐదు మాటలు చెప్పి, కాసేపాగి అవేమిటో చెప్పమన్నారు. అమ్మ నా వైపు చూసింది, తర్వాత నేల వైపు చూసింది, ఒక్కటీ చెప్పలేదు. సున్నా మార్కులు. ఆటోలో ఇంటికి వస్తుంటే అమ్మ మెల్లగా అంది: "ఆయన చెప్పింది నాకు వినపడితే కదే, గుర్తుండడానికి."

రెండు నెలల తర్వాత చెవి పరీక్ష చేయిస్తే కుడి చెవి 85 డెసిబెల్స్, ఎడమ చెవి 75 డెసిబెల్స్ దగ్గర ఉంది. అంటే మామూలు మాటలు ఆమెకి దాదాపు చేరడమే లేదు. ఏడాదిన్నర కిందట కుడి చెవికి కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం, పెట్టించాం. నేను డాక్టర్‌ని కాదు, కూతుర్ని. ఈ దారిలో మాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది అనిపించినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. మందులు, ఆపరేషన్ నిర్ణయాలు మాత్రం మీ ఈఎన్‌టీ డాక్టరు, ఆడియాలజిస్టు (వినికిడి పరీక్షలు చేసే నిపుణులు) చెప్పినట్టే చేయండి.

మతిమరుపు పరీక్షకు ముందు చెవి పరీక్ష

అరవై దాటిన మనిషి అడిగిందే అడుగుతున్నా, చెప్పింది మర్చిపోతున్నా, నలుగురిలో కూర్చున్నప్పుడు సంబంధం లేని జవాబు ఇస్తున్నా మనం వెంటనే "వయసైపోయింది, చాదస్తం" అనేస్తాం. ఇవే లక్షణాలు చెవుడులోనూ ఉంటాయి. కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: ముందు ఈఎన్‌టీ దగ్గర చెవిలో గులిమి తీయించడం (దీంతోనే సగం తేరుకునేవాళ్లు ఉన్నారు), తర్వాత ఆడియాలజిస్టు దగ్గర ఆడియోగ్రామ్ (బీప్ శబ్దాలతో చేసే వినికిడి పరీక్ష), దాంతోపాటు మాటలు ఎంతవరకు అర్థమవుతున్నాయో చూసే స్పీచ్ టెస్ట్, ఆ తర్వాతే జ్ఞాపకశక్తి పరీక్ష. స్పీచ్ టెస్ట్ తెలుగులోనే చేయమని అడగండి. "శబ్దం వినపడుతోంది గానీ మాట తెలియట్లేదు" అని పెద్దవాళ్లు చెప్పే ఫిర్యాదు బీప్ శబ్దాల పరీక్షలో సరిగ్గా బయటపడదు, మాటల పరీక్షలోనే తెలుస్తుంది.

జ్ఞాపకశక్తి పరీక్షల్లో ఎక్కువగా వాడే వాటిలో ఒకటి మోకా. 30 మార్కులకు ఉంటుంది, అందులో ఐదు మాటలు చదివి వినిపించి, ఐదు నిమిషాల తర్వాత మళ్లీ అడుగుతారు. వినపడని మనిషికి ఆ మాటలు లోపలికే వెళ్లవు, ఇక బయటికి ఎలా వస్తాయి? అందుకే చెవుడు ఉన్నవాళ్ల కోసం ప్రశ్నలన్నీ తెర మీద రాసి చూపించే మోకా రకం ఒకటి తయారుచేశారు. అది దొరకకపోతే డాక్టర్ గారిని నాలుగు విషయాలు మర్యాదగా అడగండి: మాస్క్ తీసి ఎదురుగా కూర్చుని చెప్పమని, ఫ్యాన్ ఆపమని, ప్రతి మాట చెప్పాక "ఇప్పుడు నేనేం చెప్పాను?" అని తిరిగి చెప్పించి వినపడిందని నిర్ధారించుకోమని, చదువు వచ్చినవాళ్లయితే సూచనల్ని పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి చూపించమని. చదువు రాని పెద్దవాళ్లకి కాగితం పనికిరాదు. వాళ్లకి హెడ్‌ఫోన్, చిన్న మైకు ఉండే మామూలు ఆంప్లిఫయర్ పెట్టి అడిగితే చాలా తేడా ఉంటుంది, కొంతమంది ఆడియాలజిస్టుల దగ్గర అది ఉంటుంది.

పరీక్ష తెలుగులో, ఆ మనిషి చదువు స్థాయికి తగినట్టు ఉండటం కూడా ముఖ్యమే. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తయారుచేయించిన జ్ఞాపకశక్తి పరీక్షల సముదాయం తెలుగులో ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో ఈ రంగంలో ఏళ్ల తరబడి పని జరిగింది. అక్కడి 648 మంది డిమెన్షియా రోగుల మీద 2013లో వచ్చిన పరిశోధనలో, రెండు భాషలు మాట్లాడేవాళ్లకి ఒకే భాష మాట్లాడేవాళ్లకంటే సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా జబ్బు మొదలైందని తేలింది. నాకు ఇందులో కనిపించేది ఏమిటంటే, మాట్లాడటం, వినడం, పక్కింటివాళ్లతో ఒక భాష, ఇంట్లో ఇంకో భాష, ఇదంతా బుర్రకు పనే. చెవుడు ఆ పనినే ఆపేస్తుంది.

చెవికీ బుర్రకీ ఏమిటి సంబంధం

లోపలి చెవిలో కాక్లియా నత్త గుల్లలా రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది. అందులో సుమారు 15,000 సన్నని కేశకణాలు శబ్దాన్ని నరానికి అందించే సంకేతంగా మారుస్తాయి. వయసుతో, పెద్ద శబ్దాలతో, కొన్ని రకాల మందులతో అవి చచ్చిపోతాయి, మనుషుల్లో మళ్లీ పుట్టవు. అవి తగ్గేకొద్దీ బుర్రకి చిరిగిన ఉత్తరంలాంటి మాట అందుతుంది. "...లకి ...ళ్లు పోశావా" అని వినపడితే "మొక్కలకి నీళ్లు పోశావా" అని ఊహించి అతికించుకోవాలి. రోజంతా ఇదే పని చేసే బుర్రకి, విన్నది దాచుకోవడానికి ఓపిక మిగలదు. సాయంత్రానికి అమ్మ ఎందుకంత అలిసిపోయేదో నాకు అప్పుడు అర్థం కాలేదు. దీనికి తోడు నలుగురిలోకి రావడం మానేయడం, దిగులు, వినే భాగాలకు పని తగ్గడం, ఇవన్నీ కలుస్తాయి.

అంకెలు కూడా చూడండి. 2011లో అమెరికాలో 639 మందిని సుమారు పన్నెండేళ్లు గమనించి ప్రచురించిన అధ్యయనంలో, కొద్దిపాటి చెవుడు ఉన్నవాళ్లలో డిమెన్షియా ముప్పు దాదాపు రెండింతలు, మధ్యస్థంగా ఉన్నవాళ్లలో మూడింతలు, తీవ్రంగా ఉన్నవాళ్లలో దాదాపు ఐదింతలు కనిపించింది. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024 నివేదికలో మనం మార్చగల 14 కారణాలను సరిచేస్తే దాదాపు 45 శాతం డిమెన్షియాను ఆపడమో వాయిదా వేయడమో కుదరవచ్చని అన్నారు, అందులో చెవుడు వాటా 7 శాతం. కానీ ఇక్కడ ఒక జాగ్రత్త. చెవుడు ఉన్నవాళ్లలో డిమెన్షియా ఎక్కువ అని తేలడం వేరు, చెవి బాగుచేస్తే డిమెన్షియా రాదు అని తేలడం వేరు. 2023లో వెలువడిన అచీవ్ అనే పరిశోధనలో 70 నుంచి 84 ఏళ్ల మధ్య ఉన్న 977 మందిని మూడేళ్లు చూశారు. వినికిడి మిషన్లు ఇచ్చినవాళ్లకీ ఇవ్వనివాళ్లకీ మొత్తమ్మీద తేడా రాలేదు. అయితే ముప్పు ముందునుంచే ఎక్కువగా ఉన్న గుంపులో మాత్రం బుర్ర మందగించడం 48 శాతం తగ్గింది.

అవి వినికిడి మిషన్లు. ఇంప్లాంట్ల విషయానికి వస్తే, ఫ్రాన్స్‌లో 65 నుంచి 85 ఏళ్ల మధ్య ఉన్న 94 మందిని ఆపరేషన్‌కు ముందు, తర్వాత పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. ముందు పరీక్షల్లో బాగా తక్కువ వచ్చినవాళ్లు 37 మంది ఉంటే, ఏడాది తర్వాత వాళ్లలో 30 మంది మెరుగుపడ్డారు. చిన్న అధ్యయనమే, ఇంప్లాంట్ పెట్టని గుంపుతో పోల్చి చూసింది కాదు. అయినా మాకు ధైర్యం ఇచ్చింది ఇదే. ఎవరైనా మీతో "ఇంప్లాంట్ పెడితే మతిమరుపు పోతుంది" అని గ్యారంటీగా చెబితే నమ్మకండి. మాట వినపడుతుంది, మనిషి మళ్లీ నలుగురిలోకి వస్తుంది, బుర్ర మీద భారం తగ్గుతుంది. ఆ మాత్రం ఆశ పెట్టుకోవచ్చు.

ఇంప్లాంట్ దాకా ఎప్పుడు వెళ్లాలి

వినికిడి మిషన్ శబ్దాన్ని పెంచి చెవిలోకి పంపుతుంది. కేశకణాలే లేనప్పుడు ఎంత పెంచినా గోల పెరుగుతుంది తప్ప మాట తేలదు. కాక్లియర్ ఇంప్లాంట్ ఆ కణాలను దాటవేసి, కాక్లియాలోకి పంపిన సన్నని తీగ మీదున్న 12 నుంచి 22 ఎలక్ట్రోడ్ల ద్వారా నేరుగా నరానికి కరెంటు సంకేతాలు పంపుతుంది. చర్మం కింద ఒక భాగం, బయట చెవి వెనక ప్రాసెసర్, తల మీద అయస్కాంతంతో అతుక్కునే కాయిల్ ఉంటాయి.

మంచి మిషన్ సరిగ్గా అమర్చుకుని కొన్ని నెలలు వాడినా ఫోన్‌లో మాట అర్థం కాకపోతే, పెదాలు చూడకుండా సంభాషణ నడవకపోతే ఇంప్లాంట్ గురించి అడగాల్సిందే. గుర్తుపెట్టుకోవడానికి తేలికైన లెక్క ఒకటి ఉంది: బాగున్న చెవిలో కూడా సగటు 60 డెసిబెల్స్ లేదా ఇంకా ఎక్కువ నష్టం ఉండి, మాటల పరీక్షలో 60 శాతం కానీ ఇంకా తక్కువ కానీ వస్తే, ఇంప్లాంట్ నిపుణులకు చూపించాలి. అంటే ఆపరేషన్ చేసేస్తారని కాదు, చూపించాలని మాత్రమే. "ఈ వయసులో ఎందుకమ్మా" అని చుట్టాలు అంటారు, మా ఇంట్లోనూ అన్నారు. వయసు ఒక్కటే అడ్డు కాదు, ఎనభై దాటినవాళ్లకీ చేస్తున్నారు. గుండె, షుగర్, మత్తు తట్టుకునే శక్తి చూస్తారు. వయసుకంటే ఎక్కువ తేడా తెచ్చేది చెవుడుతో గడిపిన కాలం. పదిహేనేళ్లు ఏమీ వినకుండా ఉన్న చెవికంటే రెండేళ్లుగా వినపడని చెవి త్వరగా కోలుకుంటుంది. అందుకని "చూద్దాంలే" అంటూ ఏళ్లు గడపకండి.

ఇప్పటికే కొంచెం మతిమరుపు ఉందని తేలినా ఇంప్లాంట్‌కి దారి మూసుకుపోయినట్టు కాదు. అప్పుడు డాక్టర్లు చూసేది, రోజూ ఆ ప్రాసెసర్ పెట్టి, ఛార్జింగ్ చూసి, సాధన చేయించే మనిషి ఇంట్లో ఉన్నారా అని. నిజాయితీగా జవాబు చెప్పండి. ఉద్యోగానికి పోయే కొడుకు, వేరే ఊళ్లో ఉండే కూతురు ఉండి, "చూసుకుంటాం" అని చెప్పి, తర్వాత ప్రాసెసర్ బీరువాలో పడి ఉండే ఇళ్లు ఉన్నాయి.

డబ్బు సంగతి సూటిగా చెప్తాను. మన దగ్గర ప్రభుత్వ పథకాల్లో ఉచిత ఇంప్లాంట్ ప్రధానంగా చిన్నపిల్లలకే. పెద్దవాళ్లకి మోడల్‌ని బట్టి సుమారు ఆరు లక్షల నుంచి పదిహేను, ఇంకా పైన కూడా అవుతుంది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్ల సీజీహెచ్ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్, కంపెనీ ఇన్సూరెన్స్ ఉంటే ముందే రాతపూర్వకంగా అడగండి. కొనేటప్పుడు వారంటీ ఎన్నేళ్లు, కాయిల్, కేబుల్, బ్యాటరీల ధర ఎంత, పాడైతే మీ దగ్గరి ఊళ్లో సర్వీస్ ఉందా అన్నవి అడిగి రాసుకోండి. కొన్నేళ్లకి బయటి ప్రాసెసర్ మార్చాల్సి వస్తుంది, అది కూడా లక్షల్లోనే.

ఆపరేషన్, స్విచ్ ఆన్

ముందే ఎమ్మారై, సీటీ తీసి లోపలి చెవి, నరం చూస్తారు. ఇంప్లాంట్ ఉన్నవాళ్లకి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ముప్పు కొద్దిగా ఎక్కువ కాబట్టి న్యుమోకోకల్ టీకా కనీసం రెండు వారాల ముందు వేయించాలి, దీన్ని మర్చిపోకండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే చెప్పండి. ఆపరేషన్ చేసిన చెవిలో మిగిలి ఉన్న కొద్దిపాటి సహజ వినికిడి కూడా పోవచ్చని పెద్దవాళ్లకి ముందే అర్థమయ్యేలా చెప్పాలి. రెండు మూడు గంటల ఆపరేషన్. తర్వాత కొన్నాళ్లు తల తిరగడం, నాలుక ఒక పక్క రుచి మారడం ఉండవచ్చు. జ్వరం, మెడ బిగుసుకోవడం, విపరీతమైన తలనొప్పి వస్తే ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

మత్తు దిగాక పెద్దవాళ్లు ఒకటి రెండు రోజులు అయోమయంగా మాట్లాడవచ్చు, ఎక్కడున్నారో తెలియకపోవచ్చు. వినపడకపోతే అది ఇంకా పెరుగుతుంది. మేం రెండో చెవి మిషన్‌ని థియేటర్ గుమ్మం దాకా తీయనివ్వలేదు, బయటికి రాగానే కళ్లజోడు, మిషన్ పెట్టేశాం, ఒక పలక, మార్కర్ మంచం పక్కనే ఉంచాం. "ఇది ఆస్పత్రి, ఆపరేషన్ అయిపోయింది, నాన్న బయట ఉన్నారు" అని రాసి చూపిస్తే అమ్మ కుదుటపడింది. నర్సులకి కూడా ఆ పలక వాడమని చెప్పండి.

మూడు నాలుగు వారాలకి స్విచ్ ఆన్ చేస్తారు. ఆ రోజు ఇంటిల్లిపాదీ వీడియోలు తీయడానికి వెళ్లకండి. అమ్మ ఆ గదిలో మొదట విన్నది మాట కాదు. "గంటలు మోగుతున్నట్టుంది, ఎవరో డబ్బాలో మాట్లాడుతున్నట్టుంది" అంది, మొహం వాడిపోయింది, "ఇందుకేనా ఇంత ఖర్చు పెట్టారు" అంది. చాలామందికి మొదట ఇలాగే ఉంటుంది. బుర్రకి ఇది కొత్త భాషలాంటిది, వారాలు, నెలల్లో తేలుతుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో పెద్ద మార్పు, ఏడాది దాకా మెల్లగా ఇంకా పెరుగుదల ఉంటాయి. ఆడియాలజిస్టు మధ్యమధ్య మ్యాపింగ్ చేసి ఒక్కో ఎలక్ట్రోడ్‌కి కరెంటు ఎంత ఉండాలో సరిచేస్తారు. మ్యాపింగ్‌కి వెళ్లేటప్పుడు "ఏ మాట తికమక పడుతోంది, ఏ శబ్దం కష్టపెడుతోంది" అని ఒక పుస్తకంలో రాసుకుని తీసుకెళ్లండి. "బాగానే ఉందండీ" అని మర్యాదకి చెప్పే అలవాటు మన పెద్దవాళ్లకి ఉంది, దాంతో మ్యాపింగ్ సగమే అవుతుంది.

రోజూ చేయాల్సిన సాధన

ఆపరేషన్‌కంటే కష్టమైంది, ఫలితమంతా ఆధారపడింది ఇదే. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ప్రాసెసర్ పెట్టుకోవాలి, రోజుకి పది గంటలు తగ్గకూడదు. ఎన్ని గంటలు పెట్టుకున్నారో ప్రాసెసర్ లెక్క రాసుకుంటుంది, ఆడియాలజిస్టుకి తెలిసిపోతుంది. దానితోపాటు ఎదురెదురుగా కూర్చుని చేసే సాధన రోజుకి అరగంట, పావుగంట చొప్పున రెండుసార్లు. అలిసిపోతే ఆపేయండి.

మొదటి వారం శబ్దాలతోనే. కుక్కర్ విజిల్, గేటు చప్పుడు, కాలింగ్ బెల్, కుళాయి, చీపురు. వినపడినప్పుడు చెయ్యెత్తడం, ఏమిటో చెప్పడం. ఏళ్ల తర్వాత కాకి అరుపు వినపడిందని మా అమ్మ పెరట్లోకి వెళ్లి నిలబడింది.

తర్వాత మాటలు. ఎప్పుడూ మూడు నాలుగు మాటల్లోంచి ఒకటి ఎంచుకునేలా మొదలుపెట్టండి, పెదాలు కనపడకుండా కాగితం అడ్డం పెట్టుకుని. ముందు పొడవులో తేడా ఉన్న మాటలు: పప్పు, వంకాయ, కొత్తిమీర, గోంగూర పచ్చడి. ఇవి కుదిరాక అచ్చుల పొడవు: కలం, కాలం, వడ, వాడ. ఆ తర్వాత ఒత్తులు: గుడి, గుడ్డి, కాలు, కాళ్లు. మనకి ఇక్కడ ఒక మేలు ఉంది. పొడవు పొట్టి తేడా కాలానికి సంబంధించింది, దాన్ని ఇంప్లాంట్ బాగానే అందిస్తుంది. తెలుగులో హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు మాట అర్థాన్నే మారుస్తాయి కాబట్టి అవి దొరికితే చాలా మాటలు దొరికినట్టే. కష్టమయ్యేది నోట్లో ఎక్కడినుంచి పలుకుతున్నామన్న తేడా: పాలు, తాలు, కాలు, ఇంకా కల, కళ. వీటిని చివరికి ఉంచండి, తప్పినా పట్టుబట్టకండి. వాక్యంలో పెడితే అర్థాన్ని బట్టి దొరికిపోతాయి, "గ్లాసులో పాలు పోశాను" అంటే తాలు అని ఎవరూ అనుకోరు.

రెండో నెలనుంచి, నోటికొచ్చిన వాటితో పని చేయండి. చిన్నప్పుడు బడిలో బట్టీపట్టిన పద్యాలు, రోజూ చదివే స్తోత్రాలు మీరు చదువుతుంటే, మధ్యలో ఆపి తర్వాతి మాట అందించమనండి. తెలిసిన దాన్ని చెవి సులువుగా పట్టుకుంటుంది. ఆ తర్వాత పేపర్: మీరు బిగ్గరగా చదువుతుంటే ఆమె అదే వార్తని కళ్లతో అనుసరించాలి, కొన్నాళ్లకి పేపర్ తీసేసి వినడం మాత్రమే. ఆ తర్వాత ఫోన్ స్పీకర్‌లో తెలిసిన గొంతు, తెలిసిన విషయం, రెండు నిమిషాలు. దూరంగా ఉన్న పిల్లలు వీడియో కాల్ చేస్తే పెదాలు కనపడతాయి కాబట్టి మొదట్లో అదే మంచిది.

జ్ఞాపకశక్తికి పని చెప్పేది కూడా ఇందులోనే కలపవచ్చు. మేం చేసింది సరుకుల చిట్టా. నేను నాలుగు వస్తువులు చెప్తాను, అమ్మ తిరిగి చెప్తుంది (వినపడిందో లేదో తెలిసేది ఇక్కడే), పది నిమిషాలు వేరే మాటల్లో పడ్డాక మళ్లీ అడుగుతాను. మొదట్లో నాలుగులో రెండు, ఇప్పుడు ఆరు చెప్పి "జీలకర్ర మర్చిపోయావే" అని నాకే గుర్తుచేస్తుంది. ఇంకోటి, విన్న కథని తిరిగి చెప్పడం. మా అబ్బాయి స్కూల్లో జరిగింది అమ్మమ్మకి చెప్తాడు, ఆమె దాన్ని రాత్రి నాన్నకి చెప్పాలి. పరీక్ష పెట్టినట్టు మాత్రం అడగకండి, పెద్దవాళ్లకి అవమానంగా ఉంటుంది.

పాటల విషయంలో తొందరపడొద్దు. స్వరాల ఎత్తు పల్లాలను ఇరవై చుక్కలతో గీయాలంటే కుదరదు కదా, రాగం మొదట్లో రొదలా వినపడుతుంది. తాళం, సాహిత్యం ముందు తెలుస్తాయి. బాగా తెలిసిన పాత పాట, ఒకటే గొంతు, తక్కువ వాయిద్యాలతో మొదలుపెట్టండి. అమ్మకి ఇప్పటికీ కొత్త పాటలు పట్టవు.

మనం మాట్లాడే తీరు

అరవొద్దు. అరిస్తే మాట వంకరపోతుంది, మొహం కోపంగా కనపడుతుంది. పేరుపెట్టో వరసపెట్టో పిలిచి, తిరిగి చూశాక, వెలుతురు మన మొహం మీద పడేలా నిలబడి, కొంచెం నిదానంగా చెప్పాలి. విషయం ముందు చెప్పండి: "అమ్మా, పిన్ని వాళ్ల గృహప్రవేశం గురించి", తర్వాత అసలు మాట. వినపడకపోతే అదే మాట మూడుసార్లు అనకుండా మాట మార్చండి. టీవీ సీరియల్ నడుస్తుండగా, మిక్సీ తిరుగుతుండగా మాట్లాడటం మానేయండి. ఫంక్షన్ హాల్లో గోడకి వీపు ఆనేలా, మైకు పెట్టెలకి దూరంగా కూర్చోబెట్టండి.

"ఏం లేదులే" అన్న మాట మాత్రం ఇంట్లోంచి తీసేయండి. అందరూ నవ్వుతుంటారు, ఏమిటని అడుగుతుంది, మనం చెప్పడానికి బద్ధకించి "ఏం లేదులే" అంటాం. అలా వందసార్లు విన్న మనిషి అడగడం మానేస్తుంది, తర్వాత ఆ గదిలోకి రావడమే మానేస్తుంది. మా ఇంట్లో ఒకాయన "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అని అమ్మ ఎదురుగానే అన్నారు, ఆమెకి వినపడదనుకుని. పెదాలు చదివి తెలుసుకుంది. ఆ రాత్రి అన్నం తినలేదు.

మిషన్ సంగతులు

మన ఎండలకి, చెమటకి ప్రాసెసర్ త్వరగా పాడవుతుంది. రాత్రి తీసి తుడిచి, చెమ్మ పీల్చే డబ్బాలో పెట్టాలి. ఎండలో కారులో వదిలేయకూడదు. తలకి నూనె పెట్టేటప్పుడు తీసేయాలి, మైకు రంధ్రాల్లో నూనె చేరితే మాట మందగిస్తుంది, మనం మళ్లీ బుర్ర మీద పెడతాం నింద. ఉన్నట్టుండి వినికిడి తగ్గినా, పరాకు పెరిగినా ముందు బ్యాటరీ, కేబుల్, మైకు కవర్ చూడండి. కాయిల్ కింద చర్మం ఎర్రబడితే అయస్కాంతం బలం తగ్గించమని అడగండి. జారిపోకుండా సన్నని తాడుతో జాకెట్టు భుజానికి పిన్ను పెట్టండి. కరెంటు పోయే ఊళ్లలో రీఛార్జ్ బ్యాటరీతోపాటు జింక్ బ్యాటరీల పెట్టె ఒకటి ఉంచుకోండి, వాటి స్టిక్కర్ తీశాక కాసేపు గాలి తగలనిచ్చి వేయాలి. తిరుమలలో తలనీలాలు ఇవ్వాలనుకుంటే డాక్టర్‌ని అడిగి, పుండు పూర్తిగా మానాకే, కల్యాణకట్టలో ముందుగా ఆ చోటు చూపించి చెప్పాలి.

ఇంప్లాంట్ కార్డు పర్సులో ఎప్పుడూ ఉండాలి. ఎమ్మారై, కరెంటు పెట్టే ఫిజియోథెరపీ, ఇంకో ఆపరేషన్ ఏది చేయాల్సి వచ్చినా ముందు ఆ కార్డు చూపించాలి. కొన్ని మోడళ్లకి కొన్ని షరతులతోనే ఎమ్మారై కుదురుతుంది. రాత్రి ప్రాసెసర్ తీశాక ఆమెకి పెద్దగా ఏమీ వినపడదు, తలుపు చప్పుడు, మన కేక ఏదీ తెలియదు. బాత్రూమ్ దారిలో చిన్న లైటు, దిండు కింద వణికే అలారం పెట్టండి, లేపాలంటే లైటు వేసి భుజం మీద మెల్లగా తట్టండి.

మళ్లీ జ్ఞాపకశక్తి పరీక్ష

ఆరు నెలలకో ఏడాదికో, ప్రాసెసర్ పెట్టుకుని, మంచి మ్యాపింగ్‌తో, అదే పరీక్ష మళ్లీ చేయించండి. మా అమ్మకి ఐదు మాటల్లో నాలుగు వచ్చాయి. డిమెన్షియా అని రాసిన చీటీ పక్కన ఈ కాగితం కూడా ఫైల్లో పెట్టాను.

కానీ అందరికీ ఇలా జరగదు. మాట స్పష్టంగా తిరిగి చెప్పగలిగి కూడా పది నిమిషాలకి మర్చిపోతుంటే, తెలిసిన వీధిలో దారి తప్పుతుంటే, వంటలో వరస తప్పుతుంటే, డబ్బు లెక్క తెలియకపోతే అది చెవి సంగతి కాదు. న్యూరాలజిస్టుకి చూపించండి. బీ12, థైరాయిడ్, నిద్ర మాత్రలు, దిగులు, ఇవి కూడా చూడమని అడగండి, సరిచేయగల కారణాలు వీటిలో ఉంటాయి. నిజంగానే డిమెన్షియా అని తేలినా ప్రాసెసర్ తీసి దాచేయకండి. వినపడకపోతే ఆ అయోమయం రెట్టింపవుతుంది. అప్పుడు పని మన చేతికి వస్తుంది: కుడి చెవిదానికి ఎర్ర స్టిక్కర్, ఛార్జర్‌కి ఒకటే చోటు, పొద్దున కాఫీతో పాటు పెట్టడం, రాత్రి మందులతో పాటు తీయడం. ఎవరు పెడతారు, ఎవరు తీస్తారు, సర్వీస్ వాళ్ల నంబరు, ఆడియాలజిస్టు నంబరు, బ్యాటరీలు ఏ అరలో ఉన్నాయి, ఇవన్నీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి, ఇంటికి కొత్తగా వచ్చిన పనమ్మాయి కూడా చదివి చేయగలిగేలా.